అర్ధరాత్రి చాంగిలో ఎక్కి, తెల్లవారుజామున జేఎఫ్‌కేలో దిగి

సింగపూర్ చాంగి నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానంలో జనవరిలో ప్రయాణించాను. ప్రపంచంలోని అతి పొడవైన సర్వీసుల్లో ఇదొకటి.

ఈ దూరాన్ని కాగితం మీదే కట్టొచ్చు. రెండు ఊళ్ల రేఖాంశాలు 104 తూర్పు, 73.8 పడమర. కలిపితే దాదాపు 178 డిగ్రీలు, అంటే గ్లోబుకి ఇటొకటి, అటొకటి. కాబట్టి అతి దగ్గరి దారి ఇంచుమించు ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. చాంగి నుంచి ధ్రువానికి 88.6 డిగ్రీలు, అక్కడి నుంచి జేఎఫ్‌కేకి 49.4. మొత్తం 138. డిగ్రీకి 111.2 కిలోమీటర్ల చొప్పున సుమారు 15,345 కిలోమీటర్లు. ఇదే 8,286 నాటికల్ మైళ్లు (విమానాలు, ఓడల దూరాలకు వాడే కొలత), లేదా 9,537 మామూలు మైళ్లు. చాలామంది పొరబడేది ఇక్కడే. నాటికల్ అంకెను మామూలు మైళ్లనుకుని 1.609తో గుణిస్తే 2,000 కిలోమీటర్లు మాయమవుతాయి.

అయితే మా విమానం ధ్రువం వైపు పోనే లేదు. జపాన్ పక్కగా పసిఫిక్ దాటింది. దారి పొడవు పెరుగుతుంది కానీ, శీతాకాలంలో అక్కడ పడమటి నుంచి తూర్పుకి చాలా ఎత్తులో వీచే బలమైన గాలి, జెట్ స్ట్రీమ్, వెనక నుంచి తోస్తుంది. సీటు ముందున్న తెర మీద గ్రౌండ్ స్పీడ్, అంటే నేలతో పోలిస్తే వేగం, గంటకు 1,070 కిలోమీటర్లు కనిపించింది. గాలిలో విమానం సొంత వేగం 900 దగ్గరే ఉంది. మిగతాదంతా గాలి చలవే. అందుకే ఆ 15,345 కిలోమీటర్లను 900తో భాగించి 17 గంటలని రాసుకుంటే సరిపోదు. గేటు నుంచి గేటు వరకు టైంటేబుల్‌లో ఉండేది సుమారు 18 గంటల 40 నిమిషాలు. విమానం నేల మీద రన్‌వే దాకా కదిలే సమయం, చుట్టుదారి, ల్యాండింగ్ కోసం వరుసలో ఆగడం అన్నీ అందులోనే.

ఇంత దూరానికి వాడేది ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ (అల్ట్రా లాంగ్ రేంజ్, అంటే అతి దూర ప్రయాణాల రకం). ట్యాంకుల్లో 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది. ఆ బరువు మోయాలి కాబట్టి సీట్లు 161 మాత్రమే. మామూలు ఎకానమీ తరగతి లేదు. టికెట్ చూసేటప్పుడు ఇది ముందే తెలిసుండాలి.

గడియారం లెక్క వేరే. చలికాలంలో న్యూయార్క్ 13 గంటలు వెనక. రాత్రి 12కి బయల్దేరితే 18:40 కలిపి 13 తీసేయాలి. అదే తేదీ ఉదయం 5:40కి దిగుతాం. తిరుగు ప్రయాణంలో సోమవారం రాత్రి 10:30కి ఎక్కితే అదే వ్యవధికి బుధవారం ఉదయం 6:10 అవుతుంది, మంగళవారం ఆకాశంలోనే గడిచిపోతుంది. హోటల్ బుకింగులో తేదీ తప్పేది ఇందుకే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా తేడా 12 గంటలే.

వేళకి మందులు వేసుకునేవాళ్లు గోడ గడియారాన్ని నమ్మొద్దు. డాక్టరు చెప్పిన గంటల విరామాన్ని టైమర్‌లో పెట్టుకోండి. దారిలో ఒక పగలు మొత్తం ఐదారు గంటల్లోనే అయిపోయింది. జపాన్ దాటుతుండగా తెల్లవారింది, అలాస్కాకి దక్షిణాన సముద్రం మీదే చీకటి పడింది. కిటికీ చూసి వేళ చెప్పడం అక్కడ కుదరదు.