మోకాళ్ల నొప్పులున్న మనిషితో లడ్లో

ఇంగ్లండులో ఒక చిన్న పాతకాలపు ఊరు చూడాలి, ఎక్కడికెళ్లమంటావ్ అని ఎవరడిగినా లడ్లో అనే చెప్తాను. వెంటనే నేనూ ఒక మాట అడుగుతాను: మీతో పెద్దవాళ్లెవరైనా వస్తున్నారా? నాతో లడ్లో వచ్చిన మా అత్తయ్యకు కోటలతో పని లేదు. కూర్చోడానికి చోటుందా, బాత్రూమ్ దగ్గర్లో ఉందా, వేడిగా టీ దొరుకుతుందా, అంతే.

ఆ లెక్కన లడ్లోకి మంచి మార్కులే వేయొచ్చు. ష్రాప్‌షైర్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గర్లో ఉంటుంది. ష్రూస్‌బరీ, హెరిఫర్డ్ మధ్య తిరిగే రైళ్లు ఆగుతాయి. స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచే వెళ్లొచ్చు కానీ ఎత్తెక్కాలి. ఒకసారి పైకి చేరితే కోట, సంత, చర్చి, సినిమాలు వేసే అసెంబ్లీ రూమ్స్ అన్నీ పక్కపక్కనే. సంత కోట ముందున్న మైదానంలోనే, సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో జరుగుతుంది. రొట్టెలు, చీజ్, పూలమొక్కలు, పాత సామాన్లు. అత్తయ్య ఏమీ కొనలేదు గానీ ప్రతి దాని ధరా అడిగించింది.

కోట నార్మన్ల కాలం నాటిది, అంటే తొమ్మిదొందల ఏళ్ల పైమాటే. బురుజులెక్కక్కర్లేదు, లోపల పచ్చికలో కూర్చుంటే చాలు. ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ పెద్దకొడుకు ఆర్థర్ 1502లో ఇక్కడే, పదిహేనేళ్లకే పోయాడు. అప్పటికి పెళ్లయి ఆర్నెల్లు కూడా కాలేదు. ఆ భార్య కేథరిన్‌నే తర్వాత తమ్ముడు ఎనిమిదో హెన్రీ చేసుకున్నాడని చెప్పగానే అత్తయ్యకు ఎక్కడలేని ఆసక్తి వచ్చింది. ఆ తమ్ముడు మొత్తం ఆరుగురిని చేసుకున్న సంగతి రైల్లో చెప్పాల్సి వచ్చింది.

ఇక సెయింట్ లారెన్స్ చర్చి. 135 అడుగుల గోపురం గురించి అందరూ చెప్తారు. నేనైతే తిన్నగా లోపల గాయకులు కూర్చునే చోటికి వెళ్లమంటాను. అక్కడి చెక్క సీట్లు పైకి మడిస్తే అడుగున చిన్న పలక ఉంటుంది. గంటల తరబడి ప్రార్థనలో నిలబడాల్సినవాళ్లు నడుం ఆన్చుకోడానికి పెట్టుకున్న ఏర్పాటు. దాని కింద బొమ్మలు చెక్కారు. బాతులకు ప్రవచనం చెప్పే నక్క ఒకటి. మరోదాంట్లో, దొంగ కొలతతో బీరు అమ్మిన ఆడమనిషిని దెయ్యం భుజానేసుకుని నరకానికి మోసుకుపోతుంటుంది, ఆవిడ చేతిలో ఆ చెంబు అలాగే ఉంటుంది. అత్తయ్య వంగి మరీ చూసి, "పాలవాడికి చూపించాలే దీన్ని" అంది. నిలబడ్డవాళ్ల కాళ్ల నొప్పులు ఆలోచించి సీటు చేసినవాడి మీద ఆవిడకు గౌరవం కూడా కలిగింది.

బ్రాడ్ స్ట్రీట్ మాత్రం జాగ్రత్త. రెండువైపులా పాత ఇళ్లతో చూడముచ్చటగా ఉంటుంది, దిగుతుంటే హాయిగానే ఉంటుంది. చివర పాత ఊరి ద్వారం, ఏడింటిలో మిగిలింది అదొక్కటే. దాని అవతల టీమ్ నది మీద వంతెన. తిరిగి పైకి రావడమే కష్టం. అత్తయ్యను ఆ వీధి పైచివరున్న బటర్‌క్రాస్ అనే పాత భవనం దగ్గర నిలబెట్టి పైనుంచే చూపించాను, చాలంది.

సెప్టెంబరులో కోటలో ఫుడ్ ఫెస్టివల్ జరుగుతుంది, 1995 నుంచీ ఉంది. కుర్రాళ్లయితే అప్పుడే వెళ్లండి. పెద్దవాళ్లుంటే ఆ వారాంతం వద్దు, సంత ఉన్న ఏ బుధవారమో చూసుకోండి.