వృద్ధుల ఇళ్ల నుంచి స్పీకర్ పీఠం దాకా

తిరుపతిలో మా అమ్మను చూసుకోవడానికి పీలేరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా ఇంట్లో ఉంటోంది. ఉదయాన్నే అమ్మను మంచంపై మెల్లగా పక్కకు తిప్పి, వీపు వేడినీళ్లతో తుడిచి, కొబ్బరినూనె రాసే ఆమె చేతులను చూసినప్పుడల్లా, డెన్మార్క్ రాజకీయాలను ఏళ్లుగా చదువుతున్న నాకు ఆ దేశపు రాజకీయ నాయకురాలు పియా కేర్స్‌గోర్ గుర్తుకు వస్తారు. 1947లో కోపెన్‌హేగన్‌లో పుట్టిన ఆమె రాజకీయాల్లోకి రాకముందు ఇటువంటి పనే చేశారు. వృద్ధుల ఇళ్లకు వెళ్లి వారి బాగోగులు చూసేవారు.

పన్నులను వ్యతిరేకిస్తూ మోగెన్స్ గ్లిస్ట్రుప్ స్థాపించిన ప్రోగ్రెస్ పార్టీ తరఫున 1984లో పార్లమెంటులో అడుగుపెట్టిన కేర్స్‌గోర్, ఆ పార్టీ అంతఃకలహాలతో విసిగి 1995లో బయటికి వచ్చి డానిష్ పీపుల్స్ పార్టీని నెలకొల్పారు. పన్నుల వ్యతిరేకతను పక్కనబెట్టి, వృద్ధుల సంక్షేమాన్నీ వలసల వ్యతిరేకతనూ ఒకే జెండా కిందికి తేవడమే ఆమె అసలైన రాజకీయ నైపుణ్యమని నా అభిప్రాయం. మీరెప్పటికీ మర్యాదస్తుల సరసన చేరలేరని 1999లో నాటి ప్రధాని పోల్ న్యురుప్ రాస్ముసెన్ నిండు సభలో ఆ పార్టీని ఉద్దేశించి అన్నారు. రెండేళ్లకే, 2001లో, ఆ పార్టీ 179 స్థానాల సభలో 22 గెలుచుకుంది.

ఆపై పదేళ్లు ఆమె పార్టీ ఒక్క మంత్రి పదవి కూడా తీసుకోకుండా, సభలో మెజారిటీ లేని ప్రభుత్వాలకు బయటి నుంచి మద్దతిస్తూ, ఆ మద్దతుకు ప్రతిఫలంగా చట్టాలను రాబట్టుకుంది. వాటిలో ముఖ్యమైనది 2002 నాటి నియమం: ఐరోపా యూనియన్ వంటి మినహాయింపు ఉన్న దేశాల వెలుపలి నుంచి జీవిత భాగస్వామిని డెన్మార్క్‌కు పిలిపించుకోవాలంటే భార్యాభర్తలిద్దరికీ 24 ఏళ్లు నిండి ఉండాలి. మా ఇంట్లోని అమ్మాయి భర్త కువైట్‌లో డ్రైవరు. ఈ నియమం గురించి చెబితే ఆమె నూనె సీసా మూత బిగిస్తూ, "కట్టుకున్నదాన్ని పిలిపించుకునేదానికి వయసుతో ఏం పని అన్నా?" అని అడిగింది. వృద్ధుల ఒంటరితనాన్ని అంత దగ్గరగా చూసిన కేర్స్‌గోర్, ఎడబాటులో బతికే కుటుంబాల బాధను లెక్కలోకి తీసుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

2012లో ఆమె నాయకత్వాన్ని క్రిస్టియన్ తులెసెన్ డాల్‌కు అప్పగించారు. 2015లో పార్టీ 37 స్థానాలతో రెండో అతిపెద్ద పక్షంగా నిలవగా, ఆమె డెన్మార్క్ పార్లమెంటుకు తొలి మహిళా స్పీకర్ అయ్యారు. కానీ వలసలపై కఠిన వైఖరిని ప్రత్యర్థి పార్టీ అయిన సోషల్ డెమోక్రాట్లే తమ విధానంగా చేసుకోవడంతో పార్టీ బలం 2019లో 16 స్థానాలకు, 2022లో 5 స్థానాలకు పడిపోయింది. 24 ఏళ్ల నియమం మాత్రం చట్టంలో అలాగే నిలిచి ఉంది.