అరిగిన వైపు

పార్సెల్ సంగతి మా ఆయన దగ్గర ఎత్తలేదు. ఎత్తితే "ఆ దెయ్యాల పాటల బదులు సుబ్బలక్ష్మి రికార్డులు కొనుక్కోవచ్చుగా" అంటారు. నిద్ర మాత్రం పట్టడం లేదు.

జాకర్లీ పాట వచ్చింది. ఒకప్పుడు భయంకరమైన వేషం కట్టి టీవీలో పాత హారర్ సినిమాలు చూపించిన యాంకర్ ఆయన. 'డిన్నర్ విత్ డ్రాక్', 1958, కామియో కంపెనీ వాళ్ళ 45, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డు. అమ్మినాయన గ్రేడు వీజీ ప్లస్ అని రాశాడు, అంటే కొద్దిపాటి గీతలు తప్ప బాగున్నట్టు. ఫోటోలో మెరిసిపోయింది కూడా. తీరా టేబుల్ లైటు కింద ఏటవాలుగా పట్టి చూస్తే ఒక వైపు నిగనిగలాడుతోంది, రెండో వైపు గాడులన్నీ బూడిదరంగుకి తిరిగాయి. మధ్యలో ఉన్న పెద్ద బెజ్జానికి పసుపు ప్లాస్టిక్ బిళ్ళ తగిలించి తిప్పాను. జాకర్లీ నవ్వు వినపడే లోపు చిటపటలే చిటపటలు.

ఒక్క వైపు చూసి గ్రేడు ఎలా వేస్తారండీ? అడిగితే "ప్లే చేసి చూడలేదు, కంటితో చూసి వేశాం" అంటారు. కంటితో చూసినా కనపడుతోందిగా! ఇంకొందరు "వయసుకి తగ్గట్టు బాగుంది" అని రాస్తారు. ఇవేమన్నా పెళ్ళిచూపులా? కామిక్స్ వాళ్ళది ఇంకో తరహా. పుస్తకాన్ని ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి, పైన ఒక నంబరు వేసి, ధర మూడింతలు చేస్తారు. డబ్బా తెరిస్తే విలువ పోతుందట. ఎల్వైరా అని ఇలాగే హారర్ సినిమాలు చూపించే ఇంకో టీవీ యాంకరమ్మ, ఆవిడ పేరుతో వచ్చిన కామిక్స్‌లో జోకులు చదవకుండా అట్ట చూసుకుంటూ కూర్చోవాలన్నమాట. చదవని కామిక్ నాకెందుకు?

ఈ పిచ్చి నాకు అంటించింది ఎవరనుకున్నారు, మా అత్తయ్యే. ఆవిడ మొదటిసారి అమెరికా వచ్చిన చలికాలం మా ఇంట్లో కేబుల్ లేదు. కిటికీకి అంటించిన యాంటెన్నాకి ఏం తగిలితే అదే చూసేవాళ్ళం. శనివారం రాత్రి మీటీవీ చానల్లో స్వెన్‌గూలీ వచ్చేవాడు. నల్ల టోపీ, కళ్ళ చుట్టూ నల్లరంగు, పక్కన శవపేటిక. పాత హారర్ సినిమాని మధ్య మధ్యలో ఆపి ఒక పిచ్చి జోకు వేస్తాడు, ఎక్కడినుంచో రబ్బరు కోళ్ళు వచ్చి మీద పడతాయి.

"ఆ కోళ్ళెందుకే వాడి మీద విసురుతారు?"

"జోకు బాగాలేదని అత్తయ్యా."

"మరి మానెయ్యొచ్చుగా వాడు?"

ఇంగ్లీషు ముక్క రాదు ఆవిడకి. సినిమా నడుస్తున్నంతసేపూ కునుకు తీసి, సరిగ్గా కోళ్ళ వేళకి లేచేది. కొన్నాళ్ళకి తనే తేల్చేసింది, "వీడు కేతిగాడే" అని. వాళ్ళ ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడితే రావణాసురుడు రంకెలేస్తున్నప్పుడు కేతిగాడు మధ్యలో దూరి ఏదో మోటు మాట అనేవాడట. అమ్మ కొంగు పట్టుకున్న పిల్లలు కూడా కొంగు వదిలేసి నవ్వేవాళ్ళట. తర్వాత నేను చదివిన ఏ వ్యాసమూ ఇంత బాగా చెప్పలేదు. 1954లోనే లాస్ ఏంజెలస్‌లో వాంపైరా అని ఇలాంటి యాంకరమ్మ ఉంది కానీ, 1957లో స్క్రీన్ జెమ్స్ వాళ్ళు 52 పాత సినిమాలని 'షాక్' పేరుతో కట్టగట్టి టీవీ స్టేషన్లకి అమ్మాక ఊరికో కేతిగాడు పుట్టుకొచ్చాడు. ఫిలడెల్ఫియా కేతిగాడే మా జాకర్లీ.

ఆగండి. ఇది రాస్తుంటే ఇంకోటి తట్టింది. ఈ పాటలో రక్తం మరీ ఎక్కువైందని టీవీలో కుర్రకారుకి పాటలు వినిపించే డిక్ క్లార్క్ తన షోలో వేయనన్నాడు. దాంతో కాస్త మెత్తబరిచి మళ్ళీ పాడి, అసలుదీ మెత్తదీ చెరో వైపు వేసి వదిలారు. అలా వదిలిన రికార్డే బిల్‌బోర్డు పాటల పట్టికలో 6వ స్థానం దాకా ఎక్కింది. ఇప్పుడే లేచి వెళ్ళి మళ్ళీ విన్నాను, చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని. అరిగింది రక్తం వైపే! మెత్తటి వైపు మీద సూది పెట్టినట్టే లేదు. ఏ పిల్లాడో, ఏ పిల్లో, గది తలుపేసుకుని వద్దన్న వైపే అరగదీశారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాదు.

అమ్మినాయన మీద మాత్రం వస్తోంది. ఈ ముక్క చెప్పి అమ్మితే ఇంకో రెండు డాలర్లు ఎక్కువిచ్చి కొనేదాన్ని. దాచిపెట్టి అమ్మాడు కాబట్టి సగం డబ్బు వెనక్కి అడుగుతాను. రికార్డు మాత్రం ఇవ్వను. న్యాయమో కాదో మీరే చెప్పండి.

ఇక ఎల్వైరా. 1986లో డీసీ కామిక్స్ మొదలుపెట్టిన 'ఎల్వైరాస్ హౌస్ ఆఫ్ మిస్టరీ' మామూలు సంచికలు 11తో ఆగిపోయాయి కాబట్టి బతికిపోయాను. క్లేపూల్ అనే ఇంకో కంపెనీ వాళ్ళు 1993 నుంచి 2007 దాకా ఎల్వైరావి 166 సంచికలు వేశారు, లోపలి బొమ్మలన్నీ నలుపు తెలుపే. దొరికినన్ని గెస్ట్ రూంలో మంచం కిందకి తోశాను. వేసవికి అత్తయ్య వస్తోంది, ఈలోపు అవి ఎక్కడికో మార్చాలి. పోయినసారి ఒక అట్ట బయటికి లాగి, కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి అడిగింది, "ఈ పిల్లకి చలెయ్యదుటే?" అని.