నీరటి ఖర్చు ఏ పద్దులో?

"మీ పట్టికలో చెరువుంది, నీళ్ళున్నాయి, ఎకరాలున్నాయి. తూము లేపే నీరటి ఏడీ?" అని అందరి ముందూ అడిగేసింది మానవశాస్త్రం ప్రొఫెసరమ్మ. నేను భూగోళశాస్త్రం వాణ్ణి. వరంగల్ వైపు చెరువులు ఏ నెలలో ఎంత నిండాయో ఉపగ్రహ చిత్రాల్లో లెక్కగడతాను. 2015లో మొదలైన చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల కింద సాగు పెరిగిందా అన్నది మా ఉమ్మడి ప్రాజెక్టు. ఆకాశం నుంచి చూస్తే నీరటి కనబడడు కదమ్మా అనబోయి ఊరుకున్నాను.

నేను పనిచేసే జర్మనీలో, వేర్వేరు శాస్త్రాల వాళ్ళు ఇలా కలిసి పనిచేసే పద్ధతి పాతదే. హైడెల్‌బర్గ్‌లో 1962లోనే దక్షిణాసియా సంస్థ పెట్టి చరిత్ర, భూగోళం, ఆర్థికం, భాషల వాళ్ళను ఒక గొడుగు కిందికి తెచ్చారు. నేనున్నది వేరే చోట, చిన్నది, తీరు మాత్రం అదే. కాకతీయుల శాసనాలు చదివే చరిత్రకారుడు నా పక్క గదిలో ఉంటాడు. చెరువు కట్టించినవాళ్ళకు ఆయకట్టులో భాగమిచ్చే దశబంధం గురించి కాఫీ తాగుతూ అడిగి తెలుసుకోవచ్చు. పీహెచ్‌డీ పిల్లలకు రెండు ఫ్యాకల్టీల నుంచి ఇద్దరు గైడ్లు. మన దగ్గర పక్క డిపార్ట్‌మెంట్ సారును కో-గైడ్‌గా పెట్టుకోవాలంటే ఫైలు ఎన్ని బల్లలు తిరగాలో చదువుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో వీళ్ళకు దండం పెడతాను.

మంటంతా ఇంకోచోట. నీరటి ఏడీ అన్న ప్రశ్న పడగానే తలలన్నీ నా వైపు తిరిగాయి: "మీ ఊళ్ళో ఎలా చేస్తారు?" రైన్ నది వరదల మీద పనిచేసే జర్మన్ సహోద్యోగిని మీ తాత ఏమనేవాడని ఎవరూ అడగరు. అతను శాస్త్రజ్ఞుడు, అంతే. నేను శాస్త్రజ్ఞుణ్ణీ, సాక్షినీ. జీతం మాత్రం ఒకటే!

చెప్పాను, ఏం చేస్తాను. మా నీరటి చివరి మడి తడిసేదాకా రాత్రంతా కాలువ మీదే ఉండేవాడు. కోతలప్పుడు కల్లంలో ఆయనకు వడ్లు కొలిచేవాళ్ళు. బోర్లు పడ్డాక ఎవరి మోటారు వాళ్ళది, కొలవడం మానేశారు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో వాచ్‌మన్. పూడిక తీశాక మత్తడి దూకింది గానీ, నీళ్ళు పంచే మనిషి తిరిగి రాలేదు. సాగు లెక్క ఊరూరికీ ఎందుకు తేడాగా ఉందో అక్కడ వెతకాలి అన్నాను. సమావేశం మినిట్స్‌లో దాన్ని "వ్యక్తిగత అనుభవం" అని రాశారు. అదే ముక్క ఆ ప్రొఫెసరమ్మ అంటే "పరికల్పన" అయ్యేది. తెలుగు నేర్చుకుని, పల్లెల్లో ఉండి వచ్చిన మనిషి, ఆమె చదువును తక్కువ చేయను. అయినా నాకు ఒళ్ళు మండింది.

ఆ పదం మార్పించాను. రెండు మెయిళ్ళు, ఒక ముక్తసరి జవాబు. ఇప్పుడు నీరటి ఉన్న చెరువులు, లేనివి అని పట్టికలో కొత్త వరుస చేరింది. వచ్చే వానాకాలం ఆవిడా నేనూ కలిసి ఊళ్ళు తిరగాలి. మాతో కట్టల మీద నడిచే నీరటికి దినకూలి ఇవ్వాలి గదా, అది ఏ ఫ్యాకల్టీ పద్దులో రాయాలన్న దాని మీద రెండు ఆఫీసుల మధ్యా ఉత్తరాలు నడుస్తున్నాయి.