పన్నెండో సర్గ దగ్గర పుస్తకం మూయకండి

సుందరకాండ పారాయణ చేసేవాళ్లకు పన్నెండో సర్గలోని ఈ శ్లోకం నోటికే వచ్చి ఉంటుంది.

అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్ |
అనిర్వేదో హి సతతం సర్వార్థేషు ప్రవర్తకః ||

దిగులు పడకుండా ఉండటమే సిరికి మూలం, అదే గొప్ప సుఖం, ఏ పనిలోనైనా మనిషిని ముందుకు నడిపేది అదే. లంకలో వెతికి వెతికి, సీతమ్మ కనపడక, హనుమ తనకు తానే చెప్పుకున్న మాట ఇది. పిల్లల పరీక్షల టెన్షన్ మొదలయ్యే రోజుల్లో ఈ శ్లోకం ఫోన్లలో తెగ తిరుగుతుంది. సంతోషమే. అయితే ఆ శ్లోకం తర్వాత హనుమకు ఏమైందో మాత్రం చాలామంది చూడరు.

ఆయన లేచాడు. మళ్లీ వెతికాడు. తలుపులు తీసి చూశాడు, మూశాడు, ఎక్కాడు, దిగాడు. రావణుడి అంతఃపురంలో ఆయన కాలు పెట్టని చోటు నాలుగు అంగుళాలు కూడా మిగల్లేదంటాడు వాల్మీకి. అయినా అమ్మ జాడ లేదు. పదమూడో సర్గకు వచ్చేసరికి, అంత ధైర్యం చెప్పుకున్న హనుమే ముందుకంటే ఎక్కువగా కుంగిపోయాడు. ‘కనపడలేదు’ అని చెబితే రాముడు బతకడు, రాముడు లేకపోతే లక్ష్మణుడు, ఆపైన భరత శత్రుఘ్నులు, తల్లులు, అక్కడ కిష్కింధలో సుగ్రీవుడు... ఒక్కొక్కరి చావూ కళ్ల ముందుకు తెచ్చుకున్నాడు. వెనక్కి పోను, ఇక్కడే వానప్రస్థుడిలా ఉండిపోతాను, లేదా నీళ్లలోనో నిప్పులోనో పడి పోతాను అనుకున్నాడు. సముద్రం దాటిన హనుమ అనుకున్న మాటలివి!

నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇదే. ‘అనిర్వేదః’ అని చెప్పుకున్నాక కూడా నిర్వేదం వచ్చింది. రాకూడదని రామాయణం ఎక్కడా అనలేదు. చనిపోతే మేలేమీ లేదు, బతికుంటే మంచి చూడవచ్చు అనుకుని ఆయన రెండోసారి లేచాడు చూడండి, ఉత్సాహం అంటే అది. అప్పుడు కనపడింది అశోకవనం. ‘దీన్ని ఇంకా వెతకలేదే’ అనుకుని, రామలక్ష్మణులకూ జానకమ్మకూ దేవతలందరికీ నమస్కరించి అటు కదిలాడు. మొదటిసారి లేచినప్పుడు దొరకని తల్లి రెండోసారి లేచాకే దొరికింది.

అంతెందుకు, పంపా తీరంలో రాముడే ఏడుస్తూ కూర్చుంటే ‘ఉత్సాహో బలవానార్య నాస్త్యుత్సాహాత్ పరం బలమ్’ అని లక్ష్మణుడు చెప్పాల్సి వచ్చింది. అన్నయ్యా, ఉత్సాహాన్ని మించిన బలం లేదు అని తమ్ముడు అంటే రాముడు కోప్పడలేదు, శోకం వదిలాడు. మన ఇళ్లలో అలా చెప్పే తమ్ముళ్లూ ఉండాలి, వినే అన్నలూ ఉండాలి.

ఇప్పుడు మన ఉత్సాహం ఎట్టా ఉందో చూడండి. వినాయక చవితికి మా వీధిలో పందిరి వేశారు. మొదటిరోజు డీజే మోతకు కిటికీ అద్దాలు అదిరాయి, ‘యువత ఉత్సాహంగా పాల్గొన్నారు’ అని ఫ్లెక్సీలు కూడా కట్టారు. మూడోరోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి స్వామి ముందు దీపం కొండెక్కి ఉంది. ప్రమిదలో చీమలు. పొద్దున పెట్టిన గరిక వాడిపోయి ఉంది, వత్తి సరిచేసేందుకు ఒక్క పిల్లవాడు లేడు. కడుపు తరుక్కుపోయింది. మళ్లీ నిమజ్జనం రోజు వీధి పట్టనంత మంది! అయ్యా, ఆ మధ్య రోజుల్లో స్వామి ఎవరివాడు?

గీతలో సాత్త్విక కర్త ఎలా ఉంటాడో చెబుతూ కృష్ణస్వామి ‘ధృత్యుత్సాహసమన్వితః’ అన్నాడు. ధృతిని, అంటే పట్టుదలను, ముందు పెట్టి, ఉత్సాహాన్ని దాని పక్కన కూర్చోబెట్టాడు. వెంటనే, పని అయినా కాకపోయినా మారనివాడు అన్నాడు. పట్టుదల లేని ఊపు ఆ లెక్కలోకే రాదు. మన నెల్లూరు తిక్కన సోమయాజి భారతంలో విరాటపర్వంతో మొదలుపెట్టి 15 పర్వాలు ఒంటిచేత్తో పూర్తి చేశాడంటే అది ఒక్కరోజు ఊపుతో అయ్యే పనా?

జొన్నవాడలో కామాక్షమ్మ గుడికి నిద్ర చేయడానికి వచ్చేవాళ్లను గమనించండి. చాపా దుప్పటీ చంకన పెట్టుకుని వస్తారు, పెన్నలో మునిగి అమ్మను చూసుకుని అక్కడే పడుకుంటారు. హడావుడి ఉండదు. కోరిక తీరకపోయినా మళ్లీ వస్తారు. మా అవ్వ కూడా అంతే. పారాయణ మధ్యలో దగ్గు వచ్చి శ్లోకం తెగితే, నీళ్లు తాగి, అదే శ్లోకం మొదటి నుంచి అందుకునేది. ‘తెగితే ఏమైంది అబ్బయా, మళ్లా చదువుకుందాం’ అనేది. విసుగు ఆమె ముఖంలో నేను చూడలేదు.

కాబట్టి తల్లులారా, తండ్రులారా, పారాయణ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు సిగ్గుపడి పుస్తకాన్ని పూజగదిలో అలాగే ఉంచకండి. స్నానం చేసి, వదిలేసిన చోటే తెరవండి. దీక్ష తెగిపోయిందని దిగులు పడకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పన్నెండో సర్గ, పదమూడో సర్గ ఒకే కూర్చోవడంలో చదవండి. హనుమ ఏడ్చిన చోటు కూడా దాటవేయకుండా గట్టిగా చదివి వినిపించండి. పందిరి వేసిన పిల్లలకు కూడా చెప్పండి, రోజుకొకరు వంతు వేసుకుని దీపంలో నూనె పోయమని.