కార్ల్ పేరు వెంట ఆఖెన్ దాకా

కార్ల్ చాలా సాదా పేరు. పాత జర్మన్‌లో ఆ మాటకు మగమనిషి, మొగుడు, బానిసా దొరా కాని స్వతంత్రుడు అని అర్థాలు. అదే పోలిష్‌లో ‘క్రూల్’, చెక్‌లో ‘క్రాల్’, రష్యన్‌లో ‘కరోల్’ అంటే రాజు! మామూలు మనిషి పేరును రాజుకు మాటగా మార్చింది ఒకే ఒక్కడు. 814 జనవరి 28న జర్మనీలోని ఆఖెన్‌లో కన్నుమూసిన చక్రవర్తి కార్ల్. మన పాఠ్యపుస్తకాల షార్లమేన్ ఈయనే. ఆ ఊరు చూడాలనే కొలోన్‌లో రీజనల్ రైలెక్కాను. సుమారు గంట ప్రయాణం. ఆయన కట్టించిన గుడే ఇప్పటి కేథడ్రల్‌లో ముఖ్యభాగం, స్టేషన్ నుంచి పావుగంట నడక.

లోపలికి టికెట్ అక్కర్లేదు. కానీ కార్ల్‌దని చెప్పే సింహాసనం పై అంతస్తులో ఉంది, గైడ్ వెంట తప్ప ఎక్కనివ్వరు. ఇది తెలియక కిందంతా తిరిగి, అది కనబడక వెళ్లిపోయే ప్రమాదం ఉంది. ముందు సమాచార కేంద్రంలో టూరు టికెట్ తీసుకోండి. ప్రార్థన జరిగేటప్పుడు సందర్శకులను రానివ్వరు, ఆ వేళలూ అక్కడే అడగండి.

పైకెళ్లాక బంగారం కోసం వెతక్కండి. ఆరు మెట్లు, వాటి మీద కంచు పట్టీలతో బిగించిన పాలరాతి పలకలు, అంతే. ఎక్కడో వాడిన రాతినే తెచ్చి ఇలా కూర్చారు. పక్క పలక మీద గీతలు గైడ్‌ను అడిగి చూడాల్సిందే. అది మన దాడి ఆట పటం! 936 నుంచి 1531 దాకా ఎందరో జర్మన్ రాజులకు ఈ గుళ్లోనే పట్టం కట్టారు. 1520లో ఐదో కార్ల్‌కు కూడా.

కిందికి దిగాక ఎనిమిది మూలల మందిరం మధ్య నిలబడి, మొదటి వరస తోరణాల పైన చుట్టూ సాగే లాటిన్ అక్షరాలు చూడండి. ఇప్పుడున్నవి తర్వాతి కాలంలో తిరిగి వేసినవి. గుడి కట్టించింది ‘కరోలుస్ ప్రిన్సెప్స్’, అంటే కార్ల్ ప్రభువు అని అందులో ఉంటుంది. ఆయన పోయిన ఏడాదే ‘ప్రిన్సెప్స్’ అన్న మాట చదవరానంతగా వెలిసిపోయిందని కొలువులో ఉన్న ఐన్‌హార్డ్ రాశాడు.

రాజశాసనాల మీది కార్ల్ ముద్రాక్షరం, అంటే పేరులోని అక్షరాలు కలిపి గీసిన గుర్తు, మరీ ముచ్చటగా ఉంటుంది. సిలువ ఆకారంలో ఎడమ కొసన కె, పైన ఆర్, కింద ఎల్, కుడి కొసన ఎస్. గుండ్రంగా చదువుకుంటూ పోతే పేరు రాదు. అచ్చులన్నీ మధ్యలోని డైమండులో ఉన్నాయి. దాని పై భాగం ఏ, మొత్తం ఆకారం ఓ, కింది సగం వి. లాటిన్‌లో ఆ వి ‘ఉ’ కూడా అవుతుంది. కె నుంచి బయల్దేరి, ప్రతి హల్లు తర్వాత మధ్యలోకి వచ్చి ఒక అచ్చు అందుకుంటే ‘కరోలుస్’ పూర్తవుతుంది. ఇదంతా లేఖకుడే గీసేవాడు. పెద్దయ్యాక రాత నేర్చుకోబోయి అంతగా పట్టుబడని చక్రవర్తి, మధ్యలో ఒక చిన్న గీత గీసి శాసనాన్ని ఖాయం చేసేవాడు.