పడవ అడుగు బిరడా

ఎండ ముదరకముందే బావా నేనూ కళింగపట్నం చేరుకున్నాం. వేట నిషేధం నడుస్తోంది, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. ఒడ్డంతా మోటారు పడవలే. మాది వేట పడవ కాదు, వంశధారలో సరదాగా తిరగడానికి కొనుక్కున్న చిన్న ఫైబర్ బోటు. అదీ ఇసుక మీదే ఉంది కాబట్టి, లోపల చేరిన నీళ్లు పోవడానికి దాని అడుగున ఉండే కన్నానికి పెట్టే బిరడా సంగతి తేల్చేద్దామని వెళ్లాం.

బిరడా అంటే మరీ పెద్ద సరంజామా ఏం కాదు. బొటనవేలంత రబ్బరు ముక్క, మధ్యలో ఇత్తడి కాడ, పైన చిన్న మీట. మీట వాల్చితే కాడ రబ్బరుని పైకి లాగి నొక్కుతుంది. రబ్బరు పొట్టిగా అయి పక్కలకి ఉబ్బి కన్నాన్ని పట్టేస్తుంది. పడవ మునగకుండా ఉండేది దీని దయవల్లే.

"ఒరే, రబ్బరొక్కటీ మార్చితే సరిపోదా?" అన్నాడు బావ. నేను చాకుతో కాడని గీకి చూపించాను. పసుపు రంగుకి బదులు లోపల ఎర్రగా తేలింది, గీకినచోట పొడి రాలింది. ఉప్పునీళ్లు ఇత్తడిలోని జింకుని లాగేస్తాయి, మిగిలేది గుల్లబారిన రాగి. పక్కన వల బాగుచేసుకుంటున్న తాత అది చూసి, "ఏటి బావూ, సంద్రం నీళ్లకి ఇత్తడి ఎన్నాళ్లాగుతాది?" అన్నాడు. దాంతో బావ నోరు మూతపడింది. స్టీలు కాడ ఉన్నదే తీసి పెట్టాం. ధర ఎక్కువే, కానీ ఇక్కడ కక్కుర్తి పడకూడదని నా పట్టుదల.

మా కన్నం ఒక అంగుళం. మీట ఎత్తి ఉన్నప్పుడు బిరడా చేత్తో సులువుగా దూరాలి, వాల్చేటప్పుడు మాత్రం బొటనవేలికి కాస్త నొప్పి తెలియాలి. మొదట తెలియలేదు. బిరడాని ఒక చుట్టు తిప్పి బిగించాక తెలిసింది.

తర్వాత పడవలో రెండు బకెట్ల నీళ్లు పోసి వెనక్కి వెళ్లి కూర్చున్నాం. లోపలి నీళ్లు బయటికి రాకపోతే బయటివి లోపలికి రావని లెక్క. కాసేపటికి ఒక బొట్టు, మళ్లీ ఇంకోటి. తీసి చూస్తే కన్నం అంచున ఇసుక రేణువు. గుడ్డతో తుడిచి పెడితే చుక్క రాలేదు.

వచ్చేముందు బిరడా తీసేశాం. వాన పడితే నీళ్లు నిలవకుండా పోతాయి, రబ్బరు కూడా నొక్కుడులోనే ఉండిపోయి ఆకారం పాడవదు. ఎండకి బిరుసెక్కకుండా గుడ్డలో చుట్టి ఇంజిన్ తాళంతో కలిపి కట్టాను, తాళం తియ్యాలంటే బిరడా చేతికి తగలాల్సిందే. స్పేరుది బండి డిక్కీలో ఉంచుదామంటాడు బావ. పడవలోనే ఉండాలంటాను నేను. నది మధ్యలో డిక్కీ ఎక్కడినుంచి వస్తుంది?